నాయిన ముందరి పళ్ళు

బాల్కనీలో కూర్చుని జామకాయ తింటున్నాను. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద సన్నగా ఎర్రటి చార కనిపించింది. ఎర్రజామ కాయేమో అనుకుని మళ్ళీ చూశాను. కాదు. ఆ రక్తం నాదే.

పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో ఎరుపు కనబడటం నాకు కొత్త కాదు. గట్టిగా రుద్దానేమోలే అని నీళ్ళు పోసి కడిగేసేదాన్ని. ఇంట్లో మరో మనిషి ఉంటే ‘ఏమిటది?’ అని అడిగేవారేమో. మా ఆయన పోయాక ఈ పుప్పాలగూడ అపార్టుమెంటులో నన్ను అలా అడిగేవాళ్ళు లేరు. కూతురు నిజాంపేటలో ఉంటుంది. రోజూ ఫోన్ చేస్తుంది, తిన్నావా అంటుంది, తిన్నానంటాను. ఎలా తింటున్నానో ఫోన్లో కనబడదు కదా. ఆ రోజు నాలుకతో తడిమి చూసుకుంటే కింది వరసలో ముందరి పన్ను ఒకటి కొంచెం కదిలింది. మర్నాడు నార్సింగి దారిలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు చిన్నపిల్ల. మాట గుంటూరు వైపు మాట. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న సిలువ. కుర్చీలో నన్ను వెనక్కి పడుకోబెట్టి, పుల్లలాంటి సన్నటి పరికరంతో ఒక్కొక్క పన్ను చుట్టూ చిగురు ఎంత లోతుకు వదిలేసిందో చూసింది. తర్వాత పక్కనున్న తెర మీద నా దవడ ఫోటో చూపించింది.

“నొప్పి అయితే ఏమీ లేదమ్మా,” అన్నాను.

“దీంతో వచ్చిన చిక్కే అదండీ. నొప్పి ఉంటే ఎప్పుడో వచ్చి ఉండేవారు,” అంది. “చూడండి ఆంటీ, తిన్నాక పళ్ళ మీద మెత్తగా పాచి పేరుకుంటుంది. ఏ రోజుది ఆ రోజు తీసేస్తే పోతుంది. వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్షుకు రాదు. దాన్ని అంటుకున్న చిగురు వాచిపోయి పన్నును వదిలేస్తుంది. ఆ సందులోకి మళ్ళీ పాచి దిగుతుంది. అలా లోపలికి పోయి పోయి చివరికి పన్ను నిలబడ్డ ఎముకే కరిగిపోతుందండీ. ఇదంతా ఏళ్ళ తరబడి జరుగుతుంది. మనిషికి తెలియదు.”

నాకు షుగరు ఉందా అని అడిగింది. ఉందన్నాను. తల ఊపి రాసుకుంది. పొగాకు అలవాటుందా అంది, లేదన్నాను; అయినా అది చిగుళ్ళను ఏం చేస్తుందో చెప్పింది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది.

“మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పళ్ళు కదిలి ఊడిపోయాయా?”

“మా నాయినకు,” అన్నాను.

ఆమె కంప్యూటరులో ఏదో కొట్టుకుని సూది మందు సిద్ధం చేసుకోవడానికి లేచింది. మొహం మీద దీపం వెలుగుతోంది. కళ్ళు మూసుకున్నాను. పోయిన నాయిన ముఖం తలుచుకుని ఎంతకాలమైందో అప్పుడు తెలిసింది.

నేను పుట్టింది ఈ పుప్పాలగూడలోనే. ఇప్పుడు నేనుంటున్న అపార్టుమెంటు ఒకప్పుడు ఎవరి చేను అంటే చెప్పలేను. మా ఊళ్ళో దారులకు గుర్తులు పెద్ద పెద్ద రాతి గుండ్లే. ఏనుగు గుండు దాటితే జొన్నచేలు, జంట గుండ్ల కింద సీతాఫలం పొదలు. గుండ్లను పేల్చేశాక ఏది ఎక్కడుండేదో చెప్పుకోవడానికి ఆనవాలు లేకుండా పోయింది.

మాది క్షవరం చేసే ఇల్లు. పెండ్లిళ్ళలో సన్నాయి, డోలు కూడా మా ఇంటివే. నాయిన పొద్దున కత్తులూ అద్దమూ ఉన్న పొది చంకన పెట్టుకుని ఊళ్ళోకి పోయేవాడు. వచ్చేసరికి ఆయన ఒంటి మీద సబ్బు నురగ వాసన, పటిక వాసన. ఎవరికైనా పన్ను సలుపుతుంటే దాన్ని పీకే పని కూడా ఆయనదే. మా ఇంటి అరుగు మీద కూర్చుని కేకలు పెట్టినవాళ్ళను చూసి, నేనూ పక్కింటి పిల్లలూ దర్వాజ వెనక నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం.

కానీ పెండ్లిళ్ళ కాలం వచ్చిందంటే నాయిన వేరే మనిషి. తెల్ల ధోవతి, ఎర్ర తలపాగా. సన్నాయి కర్రకు కొబ్బరినూనె పట్టించి తుడిచేవాడు. ఊదే చోట పెట్టే రెల్లు పీకను ఇత్తడి గిన్నెలో నానేసేవాడు. పక్కన చిన్నాయిన డోలు తాళ్ళు బిగించేవాడు. ఒకసారి ఆ పీక ఎత్తుకుపోయి దొడ్లో ఊదాను. బాతు అరిచినట్టు ఒక కూత వచ్చింది. పాలు పితుకుతున్న మా నాయినమ్మ ఉలిక్కిపడింది, బర్రె తన్నింది, చెంబు దొర్లిపోయింది. నాయినమ్మ కట్టె పట్టుకుని వెంటపడితే నాయిన అడ్డం వచ్చాడు.

“కొట్టకే అమ్మా. ఊపిరి మంచిగున్నది పిల్లకు,” అన్నాడు.

ఆ మాటకు నేను రోజంతా విర్రవీగాను.

పెండ్లిళ్ళకు నన్నూ తీసుకుపోయేవాడు. మోదుగాకు విస్తర్లో వేడివేడి అన్నం, పప్పు, వంకాయ కూర, ఓ మూలకు బూంది. నాయిన మాత్రం ఊదడం అయిపోయేదాకా ఏమీ తినేవాడు కాదు. మధ్యలో ఆకలేస్తే పొగాకులో ఇంత సున్నం నలిపి దవడకు పెట్టుకునేవాడు. ఆకలి చచ్చిపోతుందనేవాడు. మా ఇంట్లో పొగాకును తప్పుబట్టేవాళ్ళు లేరు. నాయినమ్మ పొద్దున పొగాకు పొడితోనే పళ్ళు తోముకునేది.

“పొగాకుతోని పండ్లు గట్టివడ్తయి బిడ్డా,” అని నాక్కూడా చిటికెడు ఇవ్వబోయేది. ఆమెకు అప్పటికి నోట్లో మిగిలినవి దవడ పళ్ళే. ఆ సంగతి మాలో ఎవరికీ తోచలేదు.

నాయిన చిగుళ్ళ నుంచి రక్తం రావడం నేను ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. వేపపుల్ల నమిలి ఉమ్మితే ఎర్రగా పడేది. ‘వేడి చేసింది’ అని అమ్మ మజ్జిగ ఇచ్చేది. కొన్నాళ్ళకు రక్తం వచ్చే చోట పుల్ల ఆనించడం మానేశాడు. పుండును ముట్టుకోకుంటే మానుతుంది కదా, ఇదీ అంతేననుకున్నాడు. రక్తం తగ్గింది కూడా. పొగాకు చిగుళ్ళలో రక్తాన్ని కనబడనీయదనీ, లోపల తినేది తింటూనే ఉంటుందనీ, రక్తం వచ్చే చోటే మెత్తగా, శుభ్రంగా తోముకోవాలనీ ఇప్పుడు ఈ డాక్టరు పిల్ల చెబితే తెలిసింది. అప్పుడు మా ఇంట్లో అందరం, తగ్గిందిలే అనుకున్నాం.

తర్వాత ఆయన ముందరి పళ్ళు పొడుగైనట్టు కనబడ్డాయి. నిజానికి పెరిగింది పళ్ళు కాదు, తగ్గింది చిగురు. మధ్యలో సందు వచ్చింది.

“సందు పండ్లు అదృష్టమురా. ఇంట్లకు ధాన్యం వస్తది,” అంది నాయినమ్మ.

నోటి నుంచి ఒక వాసన కూడా వచ్చేది. నేను ఒళ్ళో కూర్చుంటే మొహం పక్కకు తిప్పుకుని మాట్లాడేవాడు. పీక నానేసిన నీళ్ళకు కూడా అదే వాసన. జొన్నరొట్టెను కొరకడం మానేసి, తుంపి పప్పులో నానబెట్టుకునేవాడు. అమ్మ చూసి కూడా అడగలేదు. అడిగితే ఆయన లేచి వెళ్ళిపోతాడని ఆమెకు తెలుసు.

నాకు పాలపళ్ళు ఊడే వయసు వచ్చిన ఎండాకాలంలో ఊరి పటేలు ఇంట పెండ్లి జరిగింది. పొద్దుటి ముహూర్తం. పందిరి నిండా మామిడాకుల పచ్చి వాసన, జనం చెమట వాసన, వంటశాల నుంచి నెయ్యి వాసన. నేను డోలు పక్కన చిన్నాయిన కాలిని ఆనుకుని కూర్చున్నాను. నాయిన తెల్లవారకముందు నుంచీ ఊదుతూనే ఉన్నాడు. పెదవి మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు.

పంతులు చెయ్యెత్తి సైగ చేశాడు. తాళి కట్టే వేళ అది. ఆ క్షణంలో సన్నాయీ డోలూ ఒక్కసారిగా మోగాలి. ఎవరైనా తుమ్మినా, ఎవరి నోటైనా చెడ్డ మాట వచ్చినా పెండ్లికూతురి చెవిన పడకూడదని. చిన్నాయిన డోలు మీద రెండు చేతులూ దించాడు. నాయిన ఊపిరి తీసుకుని ఊదాడు. సన్నాయి గొంతు పైకి లేచి, అక్కడే తెగిపోయింది. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. డోలు ఒక్కటే మోగుతోంది. డోలు దెబ్బకూ దెబ్బకూ నడుమ పందిరిలో ఎవరో తుమ్మారు. అందరికీ వినిపించింది.

నాయిన పీకను పెదవుల నుంచి తీశాడు. అది ఎర్రగా ఉంది. ముందరి పన్ను ఒకటి వంకర తిరిగి పెదవి మీదికి వచ్చింది. ఆయన అరచేయి అడ్డం పెట్టుకుని పందిరి దాటి వెళ్ళిపోయాడు. నేను లేవబోతే చిన్నాయిన ఒక చేత్తో నా భుజం పట్టుకుని, రెండో చేత్తో డోలు వాయిస్తూనే ఉన్నాడు.

పటేలు మంచివాడే. “పాణం బాగలేకుంటే జర ముందుగల చెప్పకపోతివి,” అని మాత్రం అన్నాడు. ఆడవాళ్ళే మెల్లగా గుసగుసలాడారు. పెండ్లిపిల్లకు ఏమవుతుందో అన్నారు. ఆ పిల్లకు ఏమీ కాలేదు, నిండుగా బతికింది. అయినా తర్వాతి పెండ్లికి మా ఊరికి పట్నం నుంచి బ్యాండు వచ్చింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాయిన దొడ్లో కూర్చుని ఉన్నాడు. పొదిలోని అద్దాన్ని గోడకు ఆనించి, రెండు వేళ్ళతో ఆ పన్ను పట్టుకుని కదుపుతున్నాడు. అందరి పళ్ళూ పీకిన మనిషి తన పన్ను దగ్గర చాలాసేపు జంకాడు. చివరికి అది ఏ శబ్దం లేకుండా చేతిలోకి వచ్చేసింది. దాని వేరు చుట్టూ మట్టిరంగు గార పట్టి ఉంది.

నేను దగ్గరికి పోయి నా నోరు తెరిచి చూపించాను.

“నాయినా, నాది గూడ ఊడింది. గీడనే, ముంగట.”

“ఏదీ?” అన్నాడు. నా పన్ను నా గుప్పిట్లోనే ఉంది. ఆయన పన్ను పక్కన పెట్టి చూసుకున్నాం. నాది తెల్లగా, బియ్యపు గింజకు కొంచెం పెద్దదిగా ఉంది.

“పెండల వెట్టి ఇంటి మీద ఎయ్యాలె. అప్పుడు మల్ల వస్తది. నాయినమ్మ చెప్పింది,” అన్నాను. “నీది గూడ ఎయ్యి.”

నాయిన నవ్వలేదు. ‘పెద్దోళ్ళకు రాదు బిడ్డా’ అని కూడా అనలేదు. లేచి కొట్టంలోకి పోయి కొంచెం పచ్చిపేడ తెచ్చాడు. నా పన్ను ఒక ఉండలో, ఆయన పన్ను ఒక ఉండలో పెట్టాడు. ఇద్దరం ఇంటికి వీపు పెట్టి నిలబడి తల మీదుగా వెనక్కి విసిరాం. నాది గూనపెంకుల మీద పడింది. ఆయనది పెంకులు దాటి అవతల పడింది. పోయి వెతికి తెమ్మన్నాను. తెచ్చి మళ్ళీ విసిరాడు. అప్పుడు పైన నిలిచింది.

“ఇగ ఫికర్ లేదు,” అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

వానలు పడేసరికి నాకు కొత్త పన్ను అంచు కనిపించింది. రోజూ పొద్దున నాయిన ముందుకు పోయి, “చూపెట్టు” అనేదాన్ని. ఆయన కూర్చుని నోరు తెరిచేవాడు. నేను వేలితో తడిమి చూసేదాన్ని. చిగురు మెత్తగా ఉండేది. “ఇంక రాలె,” అనేదాన్ని. “వస్తది తియ్యి,” అనేవాడు. చలికాలం వచ్చేసరికి పన్ను రాకపోగా, పక్కది కూడా ఊడింది. ఆ రెండో పన్నును ఆయన నాకు చూపించలేదు. ఆ తర్వాత నేనూ చూపెట్టమని అడగలేదు.

సన్నాయి పట్టడానికి ముందరి పళ్ళు కావాలి. పెదవికి వెనక ఆసరా లేకపోతే పీక నిలవదు, గాలి పక్కలకు పోతుంది. నాయిన ఒక ఎండాకాలమంతా ఏనుగు గుండు వెనక్కి పోయి ఊది చూశాడు. జొన్నచేల మీదుగా ఆ తెగిన కూతలు మా దొడ్లోకి వినబడేవి. అమ్మ రోకలి పోటు గట్టిగా వేసేది, వినబడకుండా. తర్వాత ఆ కూతలు కూడా ఆగిపోయాయి. సన్నాయిని గుడ్డలో చుట్టి దూలానికి కట్టాడు.

చిన్నాయిన డోలును వేరే ఊరి మేళం వాళ్ళు పిలుచుకుపోయారు. నాయినను కూడా రమ్మన్నారు, తాళం వేయమని. ఒక్కసారి వెళ్ళాడు. తలపాగా కట్టుకుని, పక్కన మరొకడు సన్నాయి ఊదుతుంటే తాళం వేసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు. పెండ్లి విందులకు పోవడమూ మానేశాడు. నలుగురిలో కూర్చుని తినలేక కాదు, తింటున్నప్పుడు నలుగురూ చూస్తారని. మాట్లాడితే ‘స’ అనబోతే గాలి పోయేది. పిల్లలు వెక్కిరించేవాళ్ళు. మెల్లగా మాటలు తగ్గించాడు. క్షవరం చేసేటప్పుడు ఊరి కబుర్లన్నీ చెప్పే మనిషి, కత్తి చప్పుడు తప్ప మరేమీ వినబడకుండా పని చేసి వచ్చేవాడు. ఊరివాళ్ళు, ఆయనకు గర్వమొచ్చిందనుకున్నారు.

నేను చదువుకుని బడిలో టీచరునయ్యాక, మొదటి సెలవుల్లోనే ఆయనను పట్నంలో పళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. మిగిలిన కదిలే పళ్ళు కూడా తీసేసి, మానాక కట్టుడు పళ్ళు పెట్టారు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, నిచ్చెన వేసి సన్నాయి దించాడు. కొత్త పీక నానేశాడు. అమ్మ, నేను గడప మీద కూర్చున్నాం.

ఊదాడు. గాలి. మళ్ళీ ఊదాడు. పై పళ్ళ సెట్టు జారి నాలుక మీదికొచ్చింది. దాన్ని సర్దుకుని మూడోసారి ఊదితే ఒక్క క్షణం గొంతు పలికింది. సన్నగా, వణుకుతూ. వెంటనే పోయింది.

నాయిన పీకను తీసి చేతిలో పెట్టుకుని దాని వంక చూశాడు. “ఇవి తిననీకె బిడ్డా. ఊదనీకె గావు,” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనే లేచి నా పక్కన కూర్చున్నాడు. “తిననీకె గూడ మంచిదే గద. ఏమన్న గట్టిది పెట్టు, చూస్త.”

అమ్మ లోపలికి పోయి పొయ్యి మీద మక్కకంకి కాల్చి తెచ్చింది. ఆ పూట నాయిన అరుగు మీద, వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేటట్టు కూర్చుని, ఆ కంకిని ఒక్కో వరసగా కొరుక్కుని తిన్నాడు. మెల్లగానే తిన్నాడు. తింటూ పటేలు జీతగాణ్ణి కేకేసి పలకరించాడు.

అమ్మా నాయినా పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు చూస్తే సన్నాయికి చెదలు పట్టింది. ఊరు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు, అపార్టుమెంట్లు లేచాయి. చిన్నాయిన పోయాడు. ఆ పెండ్లికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నాయిన సన్నాయి విన్నవాళ్ళలో ఇప్పుడు నేనెరిగి బతికున్నది నేను ఒక్కదాన్నే. ఆ కాలంలో మా ఊళ్ళో ఎవరి పాటనూ ఎవరూ టేపులో పట్టి దాచలేదు.

“అయిపోయిందండీ,” అంది డాక్టరు పిల్ల. చిగుళ్ళ కిందకు దిగిన గారంతా ఒక వైపు తీసేసింది. రెండో వైపుకు మళ్ళీ రమ్మంది. కరిగిన ఎముక తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చనీ చెప్పింది. మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా, చిగురూ పన్నూ కలిసే చోట తోమాలి. పళ్ళ సందుల్లో తోమడానికి సన్నటి కుంచెలాంటిది ఇచ్చి, అద్దం పట్టుకుని నా చేతే చేయించింది. షుగరు అదుపులో పెట్టుకోమంది. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమంది. మీ అమ్మాయిని కూడా ఒకసారి పంపించండి, ఇలాంటివి కొన్ని ఇళ్ళలో వరసగా వస్తాయి అంది.

చేతులు కడుక్కుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. “ఇందాక మీ నాన్నగారి సంగతి చెప్పారు కదా. ఆయన ఏం చేసేవారు ఆంటీ?”

“సన్నాయి,” అన్నాను. సగం నోరు మొద్దుబారి ఆ మాట వంకరగా వచ్చింది.

“అవునా! ఎలా వాయించేవారండీ?” అంది. మర్యాదకు అడిగినట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మా నాయిన గురించి ఎవరైనా నన్ను అడిగి ఎన్నేళ్ళయిందో. నోరు తెరిచాను. పెదవి నా మాట వినలేదు. చొల్లు కారింది. ఆ పిల్ల నవ్వి దూది అందించి, “మత్తు దిగేదాకా మాట్లాడకండి, పెదవి కొరుక్కుంటారు. ఈసారి వచ్చినప్పుడు చెబుదురుగాని,” అంది. బయట ఇంకెవరో ఎదురుచూస్తున్నారు.

ఆటోలో ఇంటికి వచ్చాను. కూతురికి ఫోన్ చేశాను. మీటింగులో ఉంది, తర్వాత చేస్తానంది. బాల్కనీలో కూర్చున్నాను. ఎదురుగా కట్టడాల అద్దాల మీద ఎండ వాలుతోంది. సాయంత్రానికి మత్తు దిగింది. ముందు పెదవి, తర్వాత బుగ్గ, చివరికి నాలుక. ఆ పిల్ల అడిగినదానికి జవాబు అప్పుడు నోటి దాకా వచ్చింది. వినడానికి ఎదురుగా ఎవరూ లేరు. అయినా పైకే చెప్పాను.

మా నాయిన మొదలుపెట్టేటప్పుడు చాలా చిన్నగా మొదలుపెట్టేవాడమ్మా. పక్కన కూర్చున్నవాళ్ళకే వినిపించేటంత చిన్నగా. కళ్ళు మూసుకునేవాడు. బుగ్గలు నిండేవి. పందిరిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయేవి. వంటశాలలో గరిటెలు ఆగేవి. అప్పుడు కళ్ళు తెరిచి, జనంలో నేనెక్కడున్నానో వెతుక్కుని, నన్ను చూస్తూ గొంతు పైకెత్తేవాడు.